నేనెవరో చెప్పు

నా భార్యకు పక్షవాతం వచ్చిన మూడో నెలలో నేను యూనివర్సిటీలో చేరాను.

చేరడమంటే పట్టా తెచ్చుకునే చేరడం కాదు. పది రోజులు, రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా, గంటలోపు ముగిసే చిన్న తరగతులు మూడు. ఒకటి తత్వశాస్త్రం, ఒకటి భాషాశాస్త్రం, ఇంకొకటి మనసు ఎలా పనిచేస్తుందో చెప్పేది. ఎవరైనా రావచ్చు, వయసుతో పని లేదు అని నోటీసులో ఉంది. ఆ నోటీసు నా జిరాక్స్ మిషన్లోంచే బయటికొచ్చింది. ఇబ్రహీంపట్నం బస్టాండుకు కూతవేటు దూరంలో నాకు జిరాక్స్ షాపుంది. చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీల ప్రాజెక్టు రిపోర్టులన్నీ ఆ మిషన్ కడుపున పుట్టినవే. ఆ లెక్కన దేశంలో సగంమంది ఇంజనీర్లకు మంత్రసానిని నేను. ఒక అమ్మాయి వచ్చి ఆ నోటీసు పది కాపీలు తీయమంది. పదకొండు తీశాను.

అందులో ఒక తరగతి పేరు "మాట ఎక్కడ పుడుతుంది" అని ఉంది. అది చదివాక మిషన్ ఆపేసి, ఆ పదకొండో కాపీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

మా ఆవిడ అంగన్‌వాడీ టీచరు. ఆమె గొంతు గురించి చెబితే నమ్మరు గానీ, ఆమె మా వాడలో "ఒకటి" అంటే తుర్కయాంజాల్ పిల్లలు "రెండు" అనేవాళ్లు. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో నేను ఇంట్లో మొదలుపెట్టి పూర్తి చేయగలిగిన వాక్యాలు పదో పన్నెండో ఉంటాయి. వాటిలో సగం ఆమె పుట్టింటికి పోయినప్పుడు గోడతో అన్నవి. అలాంటి మనిషి ఒక పొద్దున పప్పు పొయ్యి మీద పెట్టి, నా వైపు తిరిగి, నన్ను ఏదో అనబోయి, ఆ మాట నోట్లో ఉండగానే పక్కకు ఒరిగిపోయింది.

దవాఖానలో ప్రాణం నిలబెట్టారు. నెల తిరిగేసరికి కాలు దారికొచ్చింది, కుడిచెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. నవ్వాల్సిన చోట సగం మూతితో నవ్వుతుంది. చెప్పబోతే మాత్రం "ప... ప..." అని అక్కడే ఆగిపోతుంది. కళ్లలో మాట కనిపిస్తూనే ఉంటుంది, నోటి దాకా రాదు. డాక్టరు ఒకటే అన్నాడు: మొదటి నెలలే ముఖ్యం, ఎంత మాట్లాడిస్తే అంత మంచిది. ఆ రోజు నుంచి గోడ మీది క్యాలెండరు నాకు శత్రువైంది. తేదీ మారకుండా ఉండాలని నెలాఖరు కాగితం చింపడం మానేశాను. తేదీలు నా మాట వినలేదు.

ఆ డాక్టరే మొదటిరోజు పరీక్ష పెట్టాడు. పెన్ను చూపించి ఇదేంటి, గడియారం చూపించి ఇదేంటి అని అడిగాక, నన్ను చూపించి "ఈయన పేరు చెప్పమ్మా" అన్నాడు. మా ఆవిడ తల దించుకుంది. ఆయన కాగితం మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు.

"సార్, గా గీత కొట్టకుండ్రి," అన్నాను. "మంచిగున్నప్పుడు గూడ ఆమె నా పేరు తియ్యలే. మా దిక్కు ఆడోళ్లు మొగుని పేరు తియ్యరు."

నిజమే అది. ఓటర్ల లిస్టు రాయడానికి వచ్చినవాళ్లకు కూడా నా పేరు పక్కింటివాళ్లే చెప్పారు. డాక్టరు ఆ గీత కొట్టేసి, ఆ చోట ప్రశ్నార్థకం పెట్టాడు. ఇరవై నాలుగేళ్ల సంసారంలో నాకంటూ దొరికిన అధికారిక గుర్తింపు అదొక్కటే.

ఇంటికి తెచ్చాక చూడవచ్చేవాళ్లు మొదలయ్యారు. మా వైపు ఆనవాయితీ ఒకటుంది. జబ్బుపడ్డ మనిషిని చూడటానికి పోయినవాడు ముందు బ్రెడ్డు ప్యాకెట్టో బత్తాయిలో మంచం పక్కన పెట్టి, ముఖంలో ముఖం పెట్టి, "నన్ను గుర్తువట్టినవా? నేనెవర్నో చెప్పు జూద్దాం" అని అడగాలి. అడగకపోతే ప్రేమ లేనట్టు. జ్వరమొచ్చినవాణ్నీ అడుగుతారు, కాలు విరిగినవాణ్నీ అడుగుతారు. వాళ్లు పేరు చెప్పేస్తారు, వీళ్లు సంతోషించి చాయ తాగి పోతారు. ఎవరికీ నష్టం లేదు. మా ఆవిడ విషయంలో మాత్రం అది ఉరికంబమైంది. మంచాల మండలం మొత్తం, వాళ్ల వెనక యాచారం మండలం సగం, వరుస కట్టి మా ఇంటికొచ్చారని నా అంచనా. బ్రెడ్డు ప్యాకెట్లతో మిద్దె మీద ఇంకో గది వేసేవాణ్ని, ఇసుక దొరకలేదు గానీ. వచ్చిన ప్రతి ఒక్కరూ అడగడమే. నేనెవరు? నేనెవరు? ఆమెకు ఒక్కొక్కరి ఏడు తరాలు తెలుసు. "ప... ప..." అనేది. వాళ్లు కాసేపు ఆగి, కళ్లు తుడుచుకుని, ఆమె ముందరే నాతో "గుర్తువడ్తలేదు పాపం" అని పోయేవాళ్లు.

ఇక నేను. నేను అందరికంటే దుర్మార్గుణ్ని. ఆమె పనిచేసే అంగన్‌వాడీ సెంటరుకు పోయి, ఆమె పిల్లలకు చూపించే బొమ్మల చార్టులు అడిగి తెచ్చాను. ఆకు, ఇల్లు, ఉడుత, ఏనుగు. పొద్దున పళ్లు తోమకముందు ఒకసారి, షాపుకు పోయేముందు ఒకసారి, అన్నానికొచ్చినప్పుడు ఒకసారి, సాయంత్రం చాయతో ఒకసారి. దవాఖానలో మాటలు నేర్పించే అమ్మాయి రోజూ కొంచెంసేపు చాలు, అలసిపోకుండా చూసుకోమంది. కొంచెంసేపుతో అయ్యేది పొద్దంతా చేస్తే ఎంత అవ్వాలి అని నేను హెచ్చవేత వేసుకున్నాను. "ఇదేంది? చెప్పు. ఉ... ఉడు..." ఇరవై ఏళ్లు తను పట్టుకుని చూపించిన చార్టు ముందు ఆమె ఇప్పుడు పిల్లలా కూర్చుంది. ఒకరోజు ఉడుత బొమ్మను ఎడమచేత్తో మెల్లగా బోర్లా తిప్పి పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది.

అప్పటి నుంచి "ప... ప..." కూడా ఆగిపోయింది. గేటు గొళ్లెం చప్పుడైతే చాలు, గోడ వైపు తిరిగేది. మాట పోయిందనే భయంతో మూడు నెలలు నెట్టుకొచ్చాను. మాట్లాడాలన్న పట్టుదల కూడా పోతోందని తెలిసిన రోజు, షాపులో ఎవరి ఆధార్ కార్డో వెనకవైపు రెండుసార్లు తీసి ఇచ్చి పంపాను.

అలా యూనివర్సిటీకి పోయాను. నేను లేనప్పుడు మా ఆవిడ దగ్గర పక్కింటి ముస్లిం అక్క, మేం ఆపా అంటాం, కూర్చుంటానంది. ఆపా బట్టలు కుడుతుంది, మిషన్ మా వరండాలోకే తెచ్చుకుంది. నేను ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి, ఎల్బీనగర్‌లో దిగి, మెట్రో ఎక్కి, దిగి, ఇంకో బస్సెక్కి, దిగి, ఆటో ఎక్కేవాణ్ని. మనిషి కనిపెట్టిన వాహనాల్లో ఓడ, విమానం తప్ప అన్నీ రోజుకు రెండుసార్లు ఎక్కాను. తరగతిలో ముప్పైమందిమి. చాలామంది విద్యార్థులు. ఆదిభట్ల కంపెనీలో పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు సెలవు పెట్టుకుని వచ్చాడు. అందరూ తెలుసుకోవడానికి వచ్చినవాళ్లే. మా ఆవిడకు పనికొచ్చేది ఏదైనా దొరికితే ఎత్తుకుపోవడానికి వచ్చినవాణ్ని నేనొక్కణ్నే.

మొదటిరోజు తత్వశాస్త్రం చెప్పిన ఆయన చాక్‌పీసు కంటే సన్నగా ఉన్నాడు. బోర్డు ముందు పక్కకు తిరిగితే కనిపించేవాడు కాదు. "ఎదుటి మనిషికి మనసు ఉందని మీకెలా తెలుసు?" అని అడిగాడు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు, బయటికి వచ్చే మాటల్ని బట్టి, చేసే పనుల్ని బట్టి అన్నాడు. "మాటలు రాకపోతే?" అన్నాడాయన. తరగతంతా దాన్ని సరదాగా పట్టుకుంది. చెట్టుకు మనసుందా, రోబోకు ఉందా, నిద్రపోయేవాడికి ఉందా అని ముప్పావుగంట కొట్టుకున్నారు. నేను బెంచీ కింద చేతులు పిసుక్కుంటూ కూర్చున్నాను. నా ఇంట్లో ఒక మనసు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. దానికి రోజూ సాక్ష్యం అడుగుతున్నాం, తేలేకపోతే లేదని రాసుకుని పోతున్నాం.

మూడోరోజు మనసు తరగతిలో, నోటీసులో చూసిన "మాట ఎక్కడ పుడుతుంది" అనే పాఠానికి, పెద్ద తెర మీద మెదడు బొమ్మ వేశారు. అక్రోటు గింజలాగా ఉంది. పాఠం చెప్పే ఆయన ఎడమవైపు, కణత వెనక, ఒక చోట ఎర్రచుక్క ఆడిస్తూ మాటకు ఇది ముఖ్యమైన చోటు అన్నాడు. చిటికెడంత. ప్రశ్నలున్నాయా అంటే నేనే ముందు లేచాను. లేచాక గానీ లేచానని తెలియలేదు. "ఆ చోటు చెడిపోతే, దాన్లో ఉన్న మాటలు ఎటు పోతాయి సార్?" అన్నాను.

ఆయన మంచివాడు. మాటలు డబ్బాలో పోసిన బియ్యంలాగా ఒక్కచోటే ఉండవన్నాడు. చాలాసార్లు మాట ఉంటుంది, దాని దగ్గరికి పోయే దారి చెడుతుందన్నాడు. దారి మళ్లీ పడుతుందా అంటే, కొందరిలో పడుతుంది, కొందరిలో సగమే పడుతుంది, తను వైద్యుణ్ని కాదు కాబట్టి మనిషిని చూడకుండా చెప్పలేనన్నాడు. అంత దూరం పోయి నేను విన్న నిజమది. తిరుగు బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు, కూర్చుంటే ఏడుస్తానని. నిలబడి కూడా ఏడవొచ్చని తుర్కయాంజాల్ దాటాక తెలిసింది. పక్కనున్నాయన కిటికీ మూయబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

ఐదోరోజు భాషాశాస్త్రం చెప్పడానికి ఒక పెద్దావిడ వచ్చింది. తెల్లజుట్టు, నూలు చీర, చేతిలో కాగితం ముక్క కూడా లేదు. అడగటం అంటే ఏమిటి అని ఆ రోజు పాఠం. తెలియనివాడు తెలుసుకోవడానికి అడిగేది ఒకటి. తెలిసినవాడు ఎదుటివాడికి తెలుసా లేదా అని అడిగేది ఇంకొకటి, బడిలో పంతులు అడిగేలాంటిది, పోలీసులు అడిగేలాంటిది. ఈ రెండూ పైకి ఒక్కలాగే వినిపిస్తాయి గానీ లోపల చేసే పని వేరన్నది. మొదటిదాంట్లో అడిగేవాడు చెయ్యి చాపుతాడు, రెండోదాంట్లో బెత్తం పట్టుకుంటాడు అన్నది. ఉడుత బొమ్మ కళ్ల ముందు ఆడింది.

తరగతి అయ్యాక వరండాలో ఆమె వెంటబడ్డాను. మొత్తం చెప్పాను. నా అలవాటు కొద్దీ ఒకటికి పది చేసి చెబుదామనుకున్నాను గానీ ఆ రోజు ఉన్నది ఉన్నట్టు చెప్పడానికే ఊపిరి చాలలేదు. ఆమె గోడకు ఆనుకుని విన్నది. తరగతిలో పుస్తకంలా మాట్లాడిన మనిషి అప్పుడు మా ఊరి మాటలోకి దిగింది.

"పొద్దంత ఆమెను ఏమేమి అడుగుతరు?"

చెప్పాను. ఇదేంది, అదేంది, నేనెవరు, వాళ్లెవరు.

"వాటికి జవాబు మీకు తెల్సా?"

"తెల్సు మేడమ్."

"మీకు తెల్సని ఆమెకు తెల్సు. మరి ఎందుకు చెప్తది? మీరు ఉడుత బొమ్మ జూపి ఇదేందని రోజంత అడిగితే నేనైతే కొడ్త. దవాఖాన అమ్మాయి చెప్పినంతసేపు చెయ్యిండ్రి, మానొద్దు. మిగిలిన పొద్దు మీకు తెల్వనియి అడుగుండ్రి," అన్నది. ఆమె చెయ్యి నా భుజం దాకా వచ్చి, తట్టకుండా వెనక్కి పోయింది.

నాకు తెలియనివి ఏమున్నాయా అని ఆ సాయంత్రం ఇల్లంతా చూశాను. చూస్తే నాకు తెలిసినవి ఏమీ లేవు. రేషన్ కార్డు ఎక్కడుందో తెలియదు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ముందు పిసకాలా తర్వాతనా తెలియదు. నాకే తెలియకుండా ఇరవై నాలుగేళ్లు ఈ ఇంట్లో చుట్టంలాగా ఉన్నాను. వరండాలో ఆపా మిషన్ ముందు కూర్చుని, ఒక రవికె ముక్కకు రెండు దారపు రీళ్లు ఆనించి, పక్కనే చాప మీద పడుకున్న మా ఆవిడను చూస్తోంది. ఏ రంగు నప్పుతుందో ఆపాకు నిజంగానే తోచలేదు. "ఇస్కు... దీనికి ఏది మంచిగుంటది, చెప్పక్కా, నాకు సమజైతలేదు," అన్నది. మా ఆవిడ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. రెండూ చూసింది. ముఖం చిట్లించి, ఎడమచేత్తో రెండూ పక్కకు నెట్టి, డబ్బాలోంచి మూడో రీలు తీసి ఇచ్చింది. ఆపా అది తీసుకుని, సూదికి ఎక్కించి, కుట్టుకుంటూ పోయింది. ఐదు రోజులుగా నేను ఊళ్లు తిరిగి నేర్చుకుంటున్నది మా వరండాలో రోజూ నడుస్తోంది.

మరునాడు ఆదివారం, తరగతి లేదు. చార్టులు సెంటరు ఆయమ్మ ఇంట్లో తిరిగి ఇచ్చొచ్చాను. స్టూలు తీసుకుపోయి గేటు దగ్గర వేసుకుని కూర్చున్నాను. చట్టం పెట్టాను. లోపలికి పోయినవాళ్లు తామెవరో తామే చెప్పుకోవాలి, పేరు, వరుస. ఆమెను ఏమీ అడగకూడదు. ఊళ్లో గగ్గోలు పుట్టింది. పెద్ద చదువుకు పోయి దిమాక్ ఖరాబైందన్నారు. ముగ్గురు బ్రెడ్డుతో సహా వెనక్కి మళ్లారు. చరిత్రలో మా గేటు దగ్గర్నుంచి బ్రెడ్డు తిరిగిపోవడం అదే మొదలు.

పదకొండింటికి మా ఆవిడ మేనమామ దిగాడు, మంచాల నుంచి, బత్తాయిల సంచితో. ఆయన మీసాల మీద రెండు పావురాలు కూర్చోవచ్చు. వారంవారం వచ్చి, ఆమె గదవ పైకెత్తి పట్టుకుని, "నేనెవర్నే? చెప్పు" అని అడిగి, ఆమె చెప్పలేకపోతే పెద్దగా ఏడ్చి, ఆ ఏడుపు విని వాడంతా ఏడిచేలా చేసి పోయే మనిషి. ఆయన దగ్గరే ఆమె ఎక్కువ ముడుచుకునేది.

"మామా," అన్నాను, "లోపలికి పోయినంక నువ్వెవరో నువ్వే చెప్పాలె. దాన్ని అడగొద్దు."

"ఏంది?"

"నీ పేరు, వరుస. గంతే."

"నా మేనకోడలికి నా పేరు నేను చెప్పుకోవాల్నా? దాన్ని ఎత్తుకోని తిప్పింది నేను. దాని పెండ్లి జేసింది నేను. నిన్ను జూసి తెచ్చింది గూడ నేనే, గా తప్పు ఒప్పుకుంట."

"అవ్ మామా. అయినా చెప్పాలె."

కొడతాడనుకున్నాను. కొట్టించుకోవడానికే కూర్చున్నాను కూడా. నా ముఖంలో ఏం చూశాడో, సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు, చెప్పులు విడిచాడు. నేనూ వెనకే పోయాను. మా ఆవిడ అప్పటికే గోడ వైపు తిరిగింది. ఆయన గది మధ్యలో నిలబడి, తహసీల్దారు ముందు నిలబడ్డట్టు, ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. "నీకు మేనమామనైత," అన్నాడు. ఆ తర్వాత ఏం చేయాలో ఆయనకు తోచలేదు. అడగాల్సిన ఒక్క మాటా గేటు దగ్గరే లాక్కున్నాను కదా. అటూ ఇటూ చూసి, "బస్సుల జాగ లేదు బిడ్డా. నిలవడే వచ్చిన. మోకాళ్లు గుంజుతున్నయి," అన్నాడు.

మా ఆవిడ ఇటు తిరిగింది. ఆయన మోకాళ్ల వైపు చూసింది.

"కూసో," అన్నది.

ఆయన కూర్చున్నాడు. కూర్చున్నాక ఆయనకు అర్థమైంది. లేవబోయాడు. నేను వద్దని చేత్తో సైగ చేశాను. ఆయన సంచిలోంచి ఒక బత్తాయి తీసి ఒలవడం మొదలుపెట్టాడు. ఏడవలేదు. ఆయన ఏడవకుండా మా ఇంట్లోంచి పోయిన మొదటిరోజు అది.

ఆ తర్వాత "కూసో" మా ఇంట్లో వర్షంలా కురిసింది. ఆపాను కూసో అన్నది. పాలాయన్ను కూసో అన్నది, క్యాన్ నెత్తిన పెట్టుకున్నవాడు ఎట్లా కూర్చుంటాడు పాపం. గ్యాసుబండ తెచ్చినాయన్ను కూసో అంటే ఆయన బండ మీదే కూర్చున్నాడు. ఇల్లు బస్టాండయింది. నేను ఎగిరి గంతేయాల్సింది. చివరిరోజు తరగతి అయ్యాక తెల్లజుట్టు మేడమ్‌కు చెబితే ఆమె సంతోషించింది, తర్వాత మెల్లగా ఇంకో మాట కూడా చెప్పింది. మర్యాద మాటలు, అలవాటు మాటలు కొన్నిసార్లు వాటంతట అవే వచ్చేస్తాయి. అనుకుని, ఏరుకుని అనే మాట వేరు. అది వస్తుందో రాదో ఎదురుచూడండి, "కూసో"ను బట్టి లెక్కలు వేసుకోకండి అన్నది. నేను అప్పటికే వేసేసుకున్నాను. ఆ లెక్క మొత్తం బస్సులో కొట్టేసుకుంటూ వచ్చాను.

పైగా ఆ "కూసో" నాకు రాలేదు. పదకొండు రోజులు ఊరందర్నీ కూర్చోబెట్టింది, నన్ను కాదు. నేను వచ్చేవాణ్ని కాదు కదా, ఎప్పుడూ ఉండేవాణ్ని. నాలుగో నెల సగమైంది. నా కోసం ఒక్క మాట, ఏదైనా సరే, తిట్టయినా సరే అని ఊరికి వినబడని మొక్కులు మొక్కాను. మా వాడలో గుడి, మసీదు, చర్చి మూడూ ఉన్నాయి. మూడింట్లోనూ నా దరఖాస్తు పెండింగులో ఉంది.

పన్నెండో రోజు మధ్యాహ్నం షాపు కట్టేసి ఇంటికొచ్చాను. ఎప్పటిలా లోపలికి చొరబడలేదు. ఏం పుట్టిందో నాకు, గుమ్మం దగ్గర ఆగి చెప్పులు విడిచి నిలబడ్డాను. ఆమె చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది, ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్లతో కష్టంగా.

"నేను," అన్నాను. "నీ మొగుణ్ని. బస్టాండు కాడ జిరాక్స్ షాపు నాదే. ఎండల నడ్సుకుంట వచ్చిన."

ఆమె తలెత్తింది. చాలాసేపు చూసింది. పిచ్చివాణ్ని చూసినట్టే చూసింది. పెదవులు కదిలాయి, ఆగాయి. మెడనరం బిగిసింది. నాకు ఆపేద్దామనిపించింది, వద్దులే అని చెబుదామనిపించింది. గుమ్మం పట్టుకుని ఊరుకున్నాను.

"తె..." అన్నది. ఊపిరి తీసుకుంది. "తెల్సు."

విసుగ్గా అన్నది. అని మళ్లీ చింతపండు మీదికి వంగింది.

ఆ రోజు ఇంకేమీ అనలేదు. మరునాడూ అనలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం నేను లోపలికి పోయి చాప అంచు మీద కూర్చున్నాను, ఎవరూ కూర్చోమనకపోయినా. గింజ తీయడం నాకు రాదు. ఎట్లా తీయాలని అడిగితే, నా చేతిలోది లాక్కుని తీసి చూపించింది.